లెక్క చేయడం వేరు, లెక్క నేర్పడం వేరు

“లెక్కలు చేయడానికే కదా క్యాలిక్యులేటర్ ఉన్నది? దానికి మళ్లీ మనం నేర్పేదేముంది?” గ్రాఫులు గీసే పెద్ద క్యాలిక్యులేటర్‌ను మొదటిసారి చూసినవాళ్లు అడిగే ప్రశ్న ఇది. యాభైకి దగ్గరగా మీటలు, ఒక్కో మీట నెత్తిన రెండు రంగుల్లో మరో రెండు పనులు, అరచేతంత తెర. ఇంత హంగు ఉన్నాక ఇంకా మనతో పనేమిటని అనిపించడం సహజమే.

కూడడం, హెచ్చవేయడం, సైన్లు కాసైన్లు కట్టడం దానికి వచ్చు. రానిది మీ లెక్క. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చిన అప్పు ఎప్పటికి రెట్టింపవుతుందో చూడాలంటే ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి, ఎక్కడ ఆపాలి అన్నది మీకు తెలుసు, యంత్రానికి తెలియదు. ఆ వరుసను అంకెలు రాకముందే చెప్పిపెట్టడమే ప్రోగ్రాం. లెక్క చేసేటప్పుడు మన దృష్టి అంకెల మీద ఉంటుంది. లెక్క నేర్పేటప్పుడు అంకెలింకా చేతికి రావు, పద్ధతి ఒక్కటే కళ్లముందు ఉంటుంది. ఈ అధ్యాయమంతా ఆ రెండో పనిని గురించే.

మన విద్యార్థుల్లో చాలామందికి ఈ అనుభవం ఉండదు. జేఈఈ మెయిన్‌లోనూ ఈఏపీసెట్‌లోనూ క్యాలిక్యులేటర్‌నే లోపలికి రానివ్వరు. గేట్ పరీక్షలో తెర మీద కనిపించే మామూలు సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌తో సరిపెట్టుకోవాలి. ఇంజినీరింగ్ కాలేజీలో కొనేది కూడా సాధారణంగా ప్రోగ్రాం రాయడానికి వీల్లేనిదే. అదే అమెరికాలో పెరిగే మన పిల్లలకు హైస్కూల్లోనే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) సంస్థ చేసిన టీఐ-84 లాంటిది చేతికొస్తుంది. అక్కడి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్యాల్‌క్యులస్ పరీక్షలో కొన్ని భాగాలకు గ్రాఫు గీసే క్యాలిక్యులేటర్ ఉండి తీరాలి.

ఇక్కడ మనం తీసుకునే యంత్రం మాత్రం టీఐ కాదు, హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ చేసిన హెచ్‌పీ-48. ఇప్పుడది తయారవడం లేదు. ఆ వంశంలో చివరిదైన హెచ్‌పీ-50జీ కూడా 2015లో ఆగిపోయింది. అయినా ఫోన్‌లో దాని వేషం కట్టే యాప్‌లు, అంటే ఎమ్యులేటర్లు ఉన్నాయి. దాన్నే ఎంచుకోవడానికి కారణాలు రెండు. లెక్క మధ్యలో ఏం జరుగుతోందో అది దాచకుండా చూపిస్తుంది. పైగా అంకెను చూసినట్టే ప్రోగ్రాంనూ ఒక వస్తువుగా చూస్తుంది.

చొక్కా జేబు నుంచి గ్రాఫు దాకా

1972లో హెచ్‌పీ-35 వచ్చింది. మీటలు ముప్పై ఐదు కాబట్టి ఆ పేరు. ధర 395 డాలర్లు. చొక్కా జేబులో పట్టే సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ కావాలని సంస్థ స్థాపకుల్లో ఒకరైన విలియం హ్యూలెట్ పట్టుబట్టడం వల్ల పుట్టింది. చూస్తుండగానే ఇంజినీర్ల బల్లల మీది స్లైడ్ రూళ్లు మూలకు చేరాయి.

రెండేళ్లకు, 1974లో వచ్చిన హెచ్‌పీ-65 ఇంకో అడుగు ముందుకు వేసింది. మీరు నొక్కే మీటల వరుసను అది గుర్తుపెట్టుకుంటుంది. చిన్న అయస్కాంతపు కార్డు మీదికి ఎక్కించుకుని మళ్లీ ఎప్పుడైనా చదువుకుంటుంది. అందులో పట్టేది 100 అడుగులే. 1975లో అమెరికా, సోవియట్ వ్యోమనౌకలు అంతరిక్షంలో కలుసుకున్న అపోలో-సోయుజ్ యాత్రకు అమెరికన్ వ్యోమగాములు దీన్ని వెంట తీసుకువెళ్లారు.

గ్రాఫు గీసే మొదటి క్యాలిక్యులేటర్ జపాన్ సంస్థ కాసియోది, 1985 నాటి ఎఫ్ఎక్స్-7000జీ. హ్యూలెట్-ప్యాకార్డ్ వాళ్ల ఆరెగన్ రాష్ట్రంలోని కొర్వాలిస్ కేంద్రం 1987లో హెచ్‌పీ-28సీని, 1990లో హెచ్‌పీ-48ఎస్ఎక్స్‌ను, 1993లో దాని మెరుగైన రూపం 48జీఎక్స్‌ను తెచ్చింది. 48జీఎక్స్ జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. నేటి ఫోన్‌లో తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. మనం రాసుకునే ప్రోగ్రాంలన్నీ ఆ ఇరుకులోనే ఇమిడాయి.

గుర్తు చివర పెడితే

హెచ్‌పీ-48 చేతికి తీసుకున్నవాళ్లు మొదట వెతికేది సమానం గుర్తు మీటను. మామూలు క్యాలిక్యులేటర్ల మీద ఉండే ఆ మీట ఇక్కడ ఉండదు. దాని బదులు ఎంటర్ అనే పెద్ద మీట ఉంటుంది. మూడూ ఐదూ కూడాలంటే 3, ఎంటర్, 5, తర్వాత + నొక్కాలి. అంకెలు ముందు, చేయాల్సిన పని చివర.

ఇది వింతగా తోచినా తెలుగు మాట్లాడేవాళ్లు నోటిలెక్క చెప్పేది ఈ వరుసలోనే. “మూడూ ఐదూ కలుపు, ఏడులోంచి రెండు తీసెయ్, వచ్చిన రెంటినీ హెచ్చవెయ్యి” అంటాం. క్రియ వాక్యం చివరే వస్తుంది. 3 + 5 అని గుర్తును నడుమ పెట్టడం మనం బడిలో అలవాటు చేసుకున్న రాత. పోలండు తర్కవేత్త యాన్ లుకాసేవిచ్ 1920లలో గుర్తును ముందే పెట్టేసి, కుండలీకరణాల అవసరమే లేకుండా సూత్రాలు రాసే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని తిరగేసి గుర్తును వెనక్కి తెచ్చారు కాబట్టి హ్యూలెట్-ప్యాకార్డ్ వాడిన పద్ధతికి రివర్స్ పోలిష్ అని పేరు. మనం వెనుకగుర్తు పద్ధతి అనుకుందాం.

(3 + 5) × (7 − 2) తీసుకోండి. మామూలు క్యాలిక్యులేటర్‌లో కుండలీకరణాలు, సమానం గుర్తుతో కలిపి 12 నొక్కుళ్లు. వెనుకగుర్తు పద్ధతిలో 3, ఎంటర్, 5, +, 7, ఎంటర్, 2, −, × అని 9 నొక్కుళ్లకే 40 వస్తుంది. మిగిలిన మూడు నొక్కుళ్ల కన్నా విలువైన లాభం ఇంకొకటుంది. + నొక్కగానే 8, − నొక్కగానే 5 తెర మీద కనబడతాయి. మధ్య ఫలితం తేడాగా ఉంటే అక్కడికక్కడే దొరికిపోతుంది.

కూడిక నుంచి వచ్చిన 8, మనం 7నూ 2నూ కొడుతున్నంతసేపూ ఎక్కడ ఉంది? దొంతరలో, అంటే స్టాక్‌లో ఉంది. పెళ్లి భోజనాల దగ్గర పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి కదా. కొత్తగా కడిగిన పళ్లెం పైన పెడతారు, తీసేటప్పుడూ పైదే తీస్తారు. అంకెల దొంతర నడిచేదీ ఇలాగే. ప్రతి కొత్త అంకె పైన చేరుతుంది. + అనగానే యంత్రం పైనున్న రెంటినీ తీసి, కూడి, వచ్చినదాన్ని మళ్లీ పైన పెడుతుంది. తెర మీద మాత్రం ఈ దొంతర తలకిందులుగా కనిపిస్తుంది. అన్నిటికన్నా పైనున్నది తెర అడుగున 1 అనే వరుసలో, దాని కింద ఉన్నది 2 అనే వరుసలో ఉంటాయి. పాత హెచ్‌పీ యంత్రాల్లో దొంతరకు నాలుగే అంతస్తులు. 48లో జ్ఞాపకశక్తి ఉన్నంతవరకూ పేర్చుకోవచ్చు.

కూడికలో, హెచ్చవేతలో ఏ అంకె ముందు పెట్టామన్నది పట్టింపు లేదు. తీసివేతలో, భాగహారంలో ఉంది. 7, 2 అని పేర్చి − నొక్కితే 5. వరుస తప్పి 2, 7 అని పేర్చామనుకోండి, స్వాప్ అనే ఆదేశం ఆ రెంటినీ తారుమారు చేస్తుంది. డూప్ పైదానికి నకలు తీస్తుంది. డ్రాప్ పైదాన్ని పారేస్తుంది. ఓవర్ పై నుంచి రెండోదాని నకలు తెచ్చి అన్నిటికన్నా పైన పెడుతుంది. ఈ నాలుగింటితో చాలా దూరం వెళ్లొచ్చు.

ఇప్పుడే చేయకు, దాచుకో

ఇక ప్రోగ్రాం. రూ. 50,000 అప్పు, నెలకు నూటికి 2 రూపాయల వడ్డీ, 18 నెలలు. దొంతర మీద 50000, 2, 18 పేర్చి, రెండుసార్లు × నొక్కి, 100 పెట్టి ÷ నొక్కితే 18,000 వస్తుంది. మీరు చేసిన పనుల్లోంచి అంకెలు తీసేసి చూడండి. రెండు హెచ్చవేతలు, ఒక 100, ఒక భాగహారం మిగిలాయి. దాన్ని అలాగే రెండు జోడు కోణాల మధ్య రాస్తే అదే మన మొదటి ప్రోగ్రాం:

« * * 100 / »

యంత్రం తెర మీద హెచ్చవేతకు నక్షత్రం గుర్తును, భాగహారానికి గీటును చూపిస్తుంది. అసలు కిటుకు ఆ కోణాల్లో ఉంది. “లోపలున్నదాన్ని ఇప్పుడే చేయకు, దాచుకో” అని వాటి అర్థం. కోణాలు లేకుండా * నొక్కితే యంత్రం వెంటనే హెచ్చవేస్తుంది. కోణాల మధ్య నొక్కితే రాసుకుని ఊరుకుంటుంది. ఎంటర్ నొక్కాక ఆ ప్రోగ్రాం మొత్తం ఒక్క ముక్కగా వెళ్లి దొంతరలో కూర్చుంటుంది, 50000 కూర్చున్నట్టే.

తర్వాత దానికో పేరు. పేరును ఒంటి కొటేషన్ల మధ్య కొట్టి, ఎస్‌టీఓ మీట నొక్కాలి. స్టోర్ అనే మాటకు కుదింపు అది. యంత్రానికి తెలుగు అక్షరాలు రావు కానీ మన సౌలభ్యం కోసం ఇక్కడ తెలుగులో ‘వడ్డీ’ అని రాసుకుందాం. ఇప్పుడు వీఏఆర్ మీట నొక్కితే తెర అడుగున, ఆరు ఖాళీ మీటల్లో ఒకదాని పైన ఆ పేరు కనిపిస్తుంది. ఇకమీదట మూడు అంకెలు పేర్చి ఆ మీట నొక్కడమే. హ్యూలెట్-ప్యాకార్డ్ వాళ్లు పెట్టిన సైన్ మీటకూ మీరు చేసుకున్న వడ్డీ మీటకూ వాడకంలో తేడా లేదు. రెండూ దొంతర మీది అంకెలు తీసుకుని, జవాబును దొంతర మీదే పెడతాయి. అందుకే వడ్డీని ఇంకో ప్రోగ్రాంలో ఒక్క మాటగా వాడుకోవచ్చు, దాన్ని మరో దానిలో వాడుకోవచ్చు. పెద్ద ప్రోగ్రాం రాయడమంటే చిన్నవి రాసి, సరిచూసి, పేర్లు పెట్టి, కలుపుకుంటూ పోవడం.

దొంతరలో రెండే అంకెలుండగా వడ్డీ నొక్కితే ఏమవుతుంది? కావాల్సినన్ని లేవని యంత్రం ఇంగ్లీషులో ఫిర్యాదు చేసి ఆగుతుంది. అంకె ఉండాల్సిన చోట మాటేదైనా ఉంటే, ఇచ్చిన సరుకు రకం తప్పని చెబుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎదురయ్యే తప్పుల్లో ఎక్కువ ఈ రెండు తరగతులకు చెందినవే. ప్రోగ్రాం మొదలయ్యేసరికి దొంతరలో ఏముండాలి, ముగిసేసరికి ఏం మిగలాలి అన్నది ముందే కాగితం మీద రాసుకుంటే వీటిలో చాలావరకు రాకుండానే పోతాయి.

పేర్లతోనా, దొంతరతోనా?

వడ్డీ ఒక్కటే చాలదు, అసలుతో కలిపి మొత్తం ఎంతో కావాలి. చిక్కు ఇక్కడ మొదలవుతుంది. రెండో హెచ్చవేతలో అసలు కూడా ఖర్చయిపోతుంది. చివర్లో కలుపుదామంటే దొంతరలో అది ఉండదు. ఖర్చవకముందే నకలు తీసి పెట్టుకోవాలి. దొంతర మీదే పని కానిచ్చేవాళ్లు ఇలా రాస్తారు:

« * ఓవర్ * 100 / + »

మొదటి నక్షత్రం దరనూ నెలలనూ హెచ్చవేస్తుంది. ఓవర్ అసలుకు నకలు తెస్తుంది. రెండో నక్షత్రం ఆ నకలును వాడేసుకుంటుంది. 100తో భాగించాక వడ్డీ పైన, చెక్కుచెదరని అసలు దాని కింద ఉంటాయి. చివరి + ఆ రెంటినీ కలిపితే 68,000. చిన్నగా, ముచ్చటగా ఉంది. కానీ ఆరు నెలల తర్వాత తిరిగి చూస్తే రాసినవాళ్లకే అర్థం కాదు.

రెండో దారి తాత్కాలిక పేర్లు, అంటే లోకల్ వేరియబుల్స్:

« → అ ద న « అ అ ద * న * 100 / + » »

బాణం గుర్తు దొంతర మీది మూడు అంకెలనూ తీసి, వరుసగా అ (అసలు), ద (దర), న (నెలలు) అనే పేర్లు తగిలిస్తుంది. లోపలి కోణాల మధ్య పని జరిగినంతసేపే ఆ పేర్లు బతుకుతాయి, పని కాగానే మాయమవుతాయి. మరో ప్రోగ్రాంలో అదే పేరు వాడుకున్నా రెంటికీ తగాదా రాదు. ఇది నిడివైనదే, కాని చదివితే తెలుస్తుంది. ఒక ముక్క ఎంత చిన్నదైతే దొంతర అంత సుఖం. అంకెలు మూడు దాటాయా, పేర్లే మేలు.

ఎన్ని నెలలకు రెట్టింపు?

ఇంతవరకూ చేసినవి పద్ధతి తెలిసిన మనిషి మామూలు క్యాలిక్యులేటర్‌తోనూ చేయగలడు. ప్రోగ్రాం సత్తా తెలిసేది ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చినప్పుడు. నూరు రూపాయలు, నెలకు 2 శాతం, ప్రతి నెలా వడ్డీ అసలులో కలిసిపోతుంది. ఎన్ని నెలలకు 200 అవుతుంది?

కాగితం మీదైతే మొత్తాన్ని 1.02తో హెచ్చవేస్తాం, నెలల లెక్కకు ఒకటి కలుపుతాం, 200 చేరిందేమో చూస్తాం, చేరకపోతే మళ్లీ మొదటికి వస్తాం. “ఇంకా చేరనంతవరకు చేస్తూ ఉండు” అని చెప్పడానికి వైల్, రిపీట్, ఎండ్ అనే మూడు మాటలున్నాయి. ఇలా తిరిగి తిరిగి చేసేదాన్ని చుట్టు అందాం, ప్రోగ్రాం రాసేవాళ్లు లూప్ అంటారు:

« 100 0 వైల్ ఓవర్ 200 < రిపీట్ స్వాప్ 1.02 * స్వాప్ 1 + ఎండ్ »

దొంతరలో మొదట మొత్తం 100, దాని మీద నెలలు 0. వైల్‌కూ రిపీట్‌కూ మధ్య ఉన్నది ప్రశ్న: మొత్తానికి నకలు తీసి, అది 200 కన్నా తక్కువా అని అడుగుతుంది. అవునైతే 1, కాదంటే 0 వస్తుంది. అవునన్నంతకాలం రిపీట్ తర్వాతి పని జరుగుతుంది. స్వాప్‌తో మొత్తం పైకి వస్తుంది, 1.02తో పెరుగుతుంది, మరో స్వాప్‌తో కిందికి పోతుంది, నెలల లెక్క ఒకటి పెరుగుతుంది. ఆగేసరికి దొంతర మీద 36, దాని కింద దాదాపు 203.99 ఉంటాయి.

36 సరైనదేనా? 35 నెలలకు మొత్తం 199.99 దగ్గర ఉంటుంది. ఒక్క పైసా తక్కువ! వ్యవహారంలో ఉన్న మనిషి 35 నెలలకే రెట్టింపయిందని ఒప్పేసుకుంటాడు. యంత్రం ఒప్పుకోదు, ఇంకో నెల తిరుగుతుంది. తప్పు యంత్రానిది కాదు. “200 కన్నా తక్కువగా ఉన్నంతవరకు” అని చెప్పింది మనమే. పైసాలు సర్దుకోవాలంటే ప్రశ్నలో 199.5 అని రాయాలి. రోజువారీ మాటల్లో సర్దుబాటుకు వదిలేసే సందులన్నీ ప్రోగ్రాం రాసేటప్పుడు ఇలా బయటపడతాయి.

1.02 బదులు 1 అని కొట్టామనుకోండి. వడ్డీలేని అప్పు ఎన్నటికీ రెట్టింపు కాదని మనకు చూడగానే తెలుస్తుంది. యంత్రం మాత్రం 100నే 1తో హెచ్చవేస్తూ తిరుగుతూనే ఉంటుంది. ఆన్ మీట నొక్కి మనమే ఆపాలి. తిరగకముందే అది కనిపెట్టలేదా అంటే, ఇలాంటి కొన్ని చుట్లను పట్టుకోవచ్చు, అన్నిటినీ పట్టుకునే పద్ధతి మాత్రం అసాధ్యం. ఎలాంటి ప్రోగ్రాం ఇచ్చినా అది ఆగుతుందో లేదో ముందే చెప్పేయగల ఏకైక పద్ధతి ఉండదన్నది గణితజ్ఞుడు అలన్ ట్యూరింగ్ 1936లో చేసిన పని నుంచి తేలిన నిజం. అరచేతిలోని యంత్రానికీ, గదినిండా పట్టే సూపర్ కంప్యూటర్‌కూ ఇది ఒకటే హద్దు.

పైసాల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. నేటి కంప్యూటర్ భాషల్లో చాలావాటిని 0.1కీ 0.2కీ మొత్తం అడిగితే 0.30000000000000004 అంటాయి. అవి అంకెల్ని ఒకట్లు, సున్నాల రెండ్ల లెక్కలోకి మారుస్తాయి. మన పదో వంతు ఆ లెక్కలో ఎన్నటికీ తెగదు, మూడో వంతు మన దశాంశాల్లో తెగనట్టే. హెచ్‌పీ-48 అడిగితే సరిగ్గా 0.3 అంటుంది. దాని గుండెకాయ అయిన శాటర్న్ ప్రాసెసర్ ఒక్కో దశాంశ అంకెనూ నాలుగు బిట్ల అరలో విడిగా పెట్టి, మనలాగే పదుల్లో లెక్కిస్తుంది. ఒక్కో సంఖ్యకు పదహారు అరలు: పన్నెండు అంకెలకు, మూడు ఘాతానికి, ఒకటి ధన రుణ గుర్తుకు.

పద్ధతినే చేతికి అందిస్తే

చక్రవడ్డీకి 36 నెలలు. బారువడ్డీకి ఎన్ని? ఇంకో ప్రోగ్రాం మొదటి నుంచి రాయాలా? పై ప్రోగ్రాంలో మారాల్సింది 1.02 * అన్న రెండు మాటలే. మిగతాదంతా “రెట్టింపయ్యేదాకా లెక్కపెట్టు” అన్న చట్రం. చట్రాన్ని ఉంచి, నెలనెలా ఎలా పెరగాలన్న సూత్రాన్ని బయటి నుంచి అందిస్తే చాలు:

« → సూత్రం « 100 0 వైల్ ఓవర్ 200 < రిపీట్ స్వాప్ సూత్రం ఎవాల్ స్వాప్ 1 + ఎండ్ » »

దీనికి ‘రెట్టింపు’ అని పేరు పెట్టండి. వాడేటప్పుడు దొంతర మీద పెట్టేది అంకెను కాదు, ఇంకో బుల్లి ప్రోగ్రాంను. « 1.02 * » పెట్టి రెట్టింపు నొక్కితే 36. « 2 + » పెట్టి నొక్కితే 50. బాణం ఆ బుల్లి ప్రోగ్రాంకు ‘సూత్రం’ అనే తాత్కాలిక పేరు తగిలిస్తుంది. ఎవాల్ అనే ఆదేశం “దాచుకున్నదాన్ని ఇప్పుడు చేయి” అని చెబుతుంది. కోణాలు వాయిదా వేసిన పనిని ఎవాల్ వాయిదా తీర్చి చేయిస్తుంది.

ప్రోగ్రాం కూడా అంకెలాగా దొంతరలో కూర్చోగల వస్తువని ముందే చెప్పుకున్నాం. దాని ఫలం ఇక్కడ చేతికొచ్చింది. పద్ధతిని ఇంకో పద్ధతికి సరుకుగా అందించగలిగాం. ఈ ఆలోచన హ్యూలెట్-ప్యాకార్డ్ వాళ్లది కాదు. కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ 1958లో రూపొందించడం మొదలుపెట్టిన లిస్ప్ భాషలోనిది. కొర్వాలిస్ ఇంజినీర్లు తమ వెనుకగుర్తు పద్ధతిని లిస్ప్‌తో కలిపి ఆర్‌పీఎల్ అనే భాష చేశారు. ఇప్పటి పైథాన్‌లో, జావాస్క్రిప్ట్‌లో ఒక ఫంక్షన్‌ను ఇంకో ఫంక్షన్‌కు పంపించేవాళ్లు చేసేదీ ఇదే.

గ్రాఫు కూడా ఒక చుట్టే

గ్రాఫు గీయడం వేరే విద్య అనిపిస్తుంది కానీ అందులో మనకు తెలియని పని ఏదీ లేదు. హెచ్‌పీ-48 తెర అడ్డంగా 131, నిలువుగా 64 చుక్కలు. మీరు సూత్రం ఇవ్వగానే యంత్రం ఎడమ అంచు నుంచి మొదలుపెడుతుంది. ఒక్కో నిలువు వరుసకు ఎక్స్ విలువ ఎంతో తీసుకుంటుంది, దాన్ని సూత్రంలో పెట్టి ఎవాల్ చేస్తుంది, వచ్చిన ఎత్తులో చుక్క పెడుతుంది, ముందు చుక్కతో గీత కలుపుతుంది, పక్క వరుసకు జరుగుతుంది. అంటే 131 సార్లు తిరిగే చుట్టు.

ఇది తెలిస్తే గ్రాఫు ఎక్కడ అబద్ధమాడుతుందో కూడా తెలుస్తుంది. యంత్రం మామూలుగా ఎక్స్ అక్షాన్ని −6.5 నుంచి 6.5 వరకు తీసుకుంటుంది. పక్కపక్క చుక్కల మధ్య దూరం సరిగ్గా 0.1. కోణాల్ని రేడియన్లలో పెట్టి, 20ని పైతోనూ ఎక్స్‌తోనూ హెచ్చవేసి దాని సైన్ గీయమనండి. ఆ వక్రం ఒక్కో 0.1కి ఒక పూర్తి అల చొప్పున, తెర మొత్తం మీద 130సార్లు లేచి పడాలి. తెర మీద కనిపించేది మాత్రం అక్షాన్ని అంటుకున్న తిన్నని గీత. ఎందుకంటే యంత్రం చూసిన ప్రతి చోటా అల సరిగ్గా సున్నా దగ్గరే ఉంది. లేచినవన్నీ రెండు చూపుల మధ్య లేచాయి. ఎక్స్ హద్దుల్ని కొంచెం మార్చితే అలలు ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతాయి. అయితే అవి కూడా అసలు అలలు కాకపోవచ్చు. గ్రాఫును నమ్మే ముందు హద్దులు మార్చి రెండు మూడుసార్లు గీయించే అలవాటు, చుట్టు ఎలా తిరుగుతుందో తెలిసినవాళ్లకే వస్తుంది.

ప్రోగ్రాంలోని తప్పును పట్టడానికి కూడా ఇలా దగ్గరికెళ్లి చూడటమే మార్గం. 48లో దానికో సౌకర్యం ఉంది. ప్రోగ్రాంను ఒక్కసారిగా పరిగెత్తించకుండా ఎస్ఎస్‌టీ అనే ఆదేశంతో ఒక్కో అడుగు నడిపించవచ్చు. ఒక్కో నొక్కుకు ఒక్క ఆదేశం జరుగుతుంది. దొంతరలో మారిందేమిటో తెర మీద ఉంటుంది. మీరు అనుకున్నదానికీ అక్కడ కనిపించేదానికీ మొదటిసారి తేడా వచ్చిన అడుగే తప్పున్న చోటు.

వాడినవాళ్లు తయారీదారులైన కథ

ఈ యంత్రాల చరిత్రలో ఒక విశేషం ఉంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ విశ్వవిద్యాలయ గణితజ్ఞుడు బెర్నార్ పారిస్ హెచ్‌పీ-48 కోసం ఎరాబుల్ అనే బీజగణిత ప్రోగ్రాం రాశాడు. యంత్రంతో పుట్టుకగా వచ్చిన బీజగణితం కన్నా ఎక్కువ పనులు చేయగలగడంతో 1999లో హ్యూలెట్-ప్యాకార్డ్ తెచ్చిన హెచ్‌పీ-49జీలో అది కర్మాగారం నుంచే చేరిపోయింది. తర్వాతి హెచ్‌పీ ప్రైమ్‌లో పనిచేసే బీజగణిత యంత్రాంగం జియాక్ కూడా ఆయన రాసినదే. 2006లో వచ్చిన 50జీ లోపల శాటర్న్ ప్రాసెసర్ లేదు. అంతకన్నా చాలా వేగమైన ఏఆర్ఎం ప్రాసెసర్ పెట్టి, దాని చేత శాటర్న్ వేషం వేయించారు. జనం ఏళ్ల తరబడి రాసుకున్న ప్రోగ్రాంలు వృథా కాకూడదన్నది ఆ ఏర్పాటు వెనకున్న లెక్క.

మీ వంతు

ఎమ్యులేటర్ తెరిచి, ఈ అధ్యాయంలోని ప్రోగ్రాంలు ఐదింటినీ కొట్టి చూశాక ఒక లెక్క ప్రయత్నించండి. నూటికి నెలకు 2 రూపాయల దరే. కాని వడ్డీని నెలనెలా కాకుండా ఏడాది నిండినప్పుడు మాత్రమే అసలులో కలుపుతారు, నడుమ నెలల్లో అది విడిగా పోగవుతుంది. నూరు రూపాయలు రెట్టింపు కావడానికి ఎన్ని నెలలు? పాత ‘రెట్టింపు’ చట్రం ఇక్కడ యథాతథంగా సరిపోదు. నడుస్తున్నది ఎన్నో నెలో సూత్రానికి తెలియాలి, అసలునూ వడ్డీనీ వేరువేరుగా మోయాలి. మొదట దొంతరలో ఏముండాలో, చివర ఏం మిగలాలో కాగితం మీద రాసుకుని మొదలుపెట్టండి. 39 వస్తే మీ పద్ధతి సరైనదే. 36 వస్తే ప్రతి నెలా అసలులో కలిపేస్తున్నారు, 50 వస్తే ఎప్పుడూ కలపడం లేదు. 40 వస్తే ఎక్కడో ఒక నెల అదనంగా లెక్కపెట్టారు, పన్నెండో నెల దగ్గర ఒక్కో అడుగే నడిపి చూడండి.